మిరప చేను ఫొటోలకు లైకులు వస్తున్నాయి కానీ రైతు మాట చేరడం లేదు: ఏం చేయాలి?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. పల్నాడులో మీ నాన్నగారు నాలుగెకరాల్లో మిరప సాగు చేస్తున్నారు. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, నెలకు రెండుసార్లు ఊరికి వెళ్లినప్పుడల్లా ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ పెడుతున్నారు. కల్లంలో ఆరబోసిన కాయల మీద సాయంత్రపు ఎండ పడిన ఫొటోకు వేలల్లో లైకులు వచ్చాయి. ధర పడిపోయిన వారం అదే కల్లాన్ని మళ్లీ ఫొటో తీసి రైతు గోడు రాస్తే పట్టుమని పాతికమంది కూడా స్పందించలేదు, స్పందించినవారిలో ఒకరు "రైతులకు అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది కదా" అన్నారు. సేద్యం తరఫున వాదించే ఫొటో ఎలా ఉండాలన్నది మీ ప్రశ్న.

నేను పద్దెనిమిదేళ్లు జిల్లా స్థాయిలో పత్రికా ఫొటోగ్రాఫరుగా పనిచేశాను. ఆ తరువాత కొన్నేళ్లుగా రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు సామాజిక మాధ్యమాల పేజీలు చూసిపెడుతున్నాను. మాకూ రెండున్నర ఎకరాల మిరప ఉంది కాబట్టి కింద రాసేదాంట్లో కొంత కెమెరా వెనక నేర్చుకున్నది, కొంత చేలో పోగొట్టుకుని నేర్చుకున్నది.

మీ మొదటి కల్లం ఫొటోలో తప్పేమీ లేదు, అందంగా ఉన్నదాన్ని అందంగానే చూపించారు. చిక్కంతా రెండోసారి వచ్చింది. ధర ఉన్నరోజు కల్లమూ ధర లేనిరోజు కల్లమూ ఫొటోలో ఒకేలా ఉంటాయి, ఎందుకంటే ధర కాయ మీద కనిపించదు. నగరంలో కూర్చున్న మనిషి మీ పేజీలో ఇంతవరకూ చూసినది పచ్చటి చేను, ఎర్రటి రాశి మాత్రమే. ఆ రెండింటి మధ్య ఎనిమిది నెలల్లో ఏం జరిగిందో అతనికి మీరు చూపలేదు. ఏమీ ఖర్చు కాకుండానే పండిందని అతను అనుకుంటే అది అతని తప్పు మాత్రమే కాదు. గోడు వినిపించడానికి ధర పడిన రోజు దాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోతుంది. నారుమడి వేసిన రోజునుంచే మొదలుపెట్టాలి.

అందుకని నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒకటే: ఒక్క చేను, ఒక్క చోటు, ఒక పంటకాలం. చేలో కదలని గుర్తు ఒకటి చూసుకోండి. కరెంటు స్తంభం కావచ్చు, బోరు దగ్గరి తొట్టి కావచ్చు, గట్టు మీది వేపచెట్టు కావచ్చు. ఊరికి వెళ్లిన ప్రతిసారీ అక్కడే నిలబడి, అదే ఎత్తునుంచి, అదే దిక్కుకు ఒక ఫొటో తీయండి. జూలై, ఆగస్టుల్లో నారు పోసిన దగ్గరనుంచి, నలభై రోజుల నారును సెప్టెంబరు ప్రాంతంలో నాటడం, సాళ్ల మధ్య కలుపు పోయేలా గుంటక తోలడం, పూత, తొలి కోత, ఏప్రిల్‌లో ఆఖరి కోత దాకా, నెలకు రెండు చొప్పున పద్దెనిమిదో ఇరవయ్యో ఫొటోలవుతాయి. ఒక్కోటి విడిగా చూస్తే సాదాసీదాగానే ఉంటుంది, కొన్నిటికి యాభై లైకులు కూడా రావు. ఫరవాలేదు. ప్రతి ఫొటో కింద తేదీ, నాటి ఎన్ని రోజులైంది, ఆ పదిహేను రోజుల్లో చేనుకు ఏం పెట్టారు, ఎంతమంది పనిచేశారు అన్నది రెండు వాక్యాల్లో రాయండి. ధర పడిన రోజున ఆ ఇరవై ఫొటోలనూ వరసగా పెట్టి, చివరిదాని కింద ఆనాటి ధర రాస్తే, మీరు "అన్యాయం" అనే మాట వాడనక్కరలేదు.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2021-22లో మా చేనుకే ఇలా చేశాను. ఆగస్టులో సరదాగా మొదలుపెట్టిన పని అది. ఆ ఏడాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరపను నల్ల తామర పురుగు పట్టి పీడించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పూత మీద పడి పిందె కట్టనివ్వకుండా చేసింది, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. నవంబరు చివరికి మా చేను నిండా ఆకు ఉంది కానీ కాయ లేదు. దూరంనుంచి తీసిన ఫొటోలో పచ్చగా, నిక్షేపంలా ఉంది. "చేను బ్రహ్మాండంగా ఉంది కదా, ఇంకేం కావాలి" అని ఒక బంధువే రాశాడు. అప్పుడు అర్థమైంది, ఈ నష్టాన్ని దూరంనుంచి చూపలేనని. ఒక తెల్ల కాగితం తీసుకుని, దాని మీద ఒక పువ్వును వంచి వేలితో రెండుసార్లు తట్టాను. గీతల ముక్కల్లాంటి నల్లటి నలుసులు రాలి, ఒక క్షణం ఆగి, కదలడం మొదలుపెట్టాయి. ఒక్కోటి మిల్లీమీటరు పొడవుంటుందేమో. పక్కన అగ్గిపుల్ల పెట్టి ఫొటో తీశాను. ఆ ఒక్క ఫొటోకు వచ్చినన్ని ప్రశ్నలు నా పేజీలో అంతకుముందు దేనికీ రాలేదు. కాగితం మీద పడినవి లెక్కపెట్టి "ఒక్క పువ్వులో ఇన్నా" అని అడిగినవారిలో మిరపకాయను దుకాణంలో తప్ప చేలో చూడనివారే ఎక్కువ. జనవరిలో ట్రాక్టరు పెట్టి ఆ చేను దున్నించేశాను. కాపుకొచ్చే వయసున్న చేనును దున్నుతున్న ఫొటో ఒక్కదాన్నే పెట్టి ఉంటే పిచ్చిపని అనుకునేవారు. దానికి ముందు తొమ్మిది ఫొటోలు ఉన్నాయి కాబట్టి ఎవరూ అలా అనలేదు.

చిన్న వస్తువుకు ఉండే ఈ బలాన్ని 2018 మార్చిలో దేశమంతా చూసింది. మహారాష్ట్రలో నాసిక్ నుంచి ముంబయికి దాదాపు 180 కిలోమీటర్లు రైతులు నడిచి వచ్చినప్పుడు, ఎర్ర టోపీల ఊరేగింపును పైనుంచి తీసిన ఫొటోలు చాలానే వచ్చాయి. ముంబయి జనాన్ని మాత్రం ఎక్కువగా కదిలించినవి బొబ్బలెక్కి, చర్మం ఊడిన పాదాల ఫొటోలు. నీళ్లు, తిండి, చెప్పులు తీసుకుని మనుషులు రోడ్డు మీదికి వచ్చారు. పరీక్షలు రాసే పిల్లలకు ట్రాఫిక్ ఇబ్బంది కలగకూడదని రైతులు రాత్రికి రాత్రే నడిచి మైదానం చేరుకున్నారన్న కబురు ఆ ఫొటోలతో పాటు పాకడం కూడా అందుకు తోడ్పడింది. ఫొటోకు పక్కనే ఒక నిజమైన వివరం ఉంటే చూసేవాడి మనసులో అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ మన మిరపలోనే ఉంది. 2017లో ధర కుప్పకూలినప్పుడు ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం విధ్వంసం దాకా వెళ్లింది, అరెస్టులయ్యాయి. మే నెలలో ఆ రైతులను చేతులకు బేడీలతో కోర్టుకు తీసుకువచ్చిన ఫొటో రాష్ట్రాన్ని కుదిపేసింది, పోలీసు సిబ్బందిపై చర్యలు కూడా తీసుకున్నారు. ఆ ఫొటో రావలసిందే, అందులో నాకు అనుమానం లేదు. కాకపోతే అప్పటినుంచి చర్చంతా బేడీల చుట్టూ తిరిగింది, ఒక్క ఏడాదిలో క్వింటాలు ధర అంత ఎందుకు పడింది అన్న ప్రశ్న పక్కకు పోయింది. ఫొటోలో అన్నిటికన్నా బలంగా ఉన్న వస్తువు ఏదో, చర్చ కూడా దాని గురించే జరుగుతుంది. టమాటాలను రోడ్డు మీద పారబోసే ఫొటోలూ అంతే. చూసేవాడికి అక్కడ కనిపించేది వృథా అయిన తిండి. క్రేటు అమ్మితే వచ్చేది కోత కూలికీ కిరాయికీ కూడా చాలదన్న లెక్క అందులో కనిపించదు. ఆ లెక్క మీరు రాయకపోతే "పేదలకు పంచవచ్చుగా" అనే వ్యాఖ్య తప్పకుండా వస్తుంది.

ఇక కెమెరా సంగతి. మిరపను ఫొటో తీయడంలో ఉన్న కష్టం వరికీ పత్తికీ లేదు. ఫోను కెమెరాకు ఎరుపు లొంగదు. మిట్టమధ్యాహ్నం కల్లాన్ని తీస్తే కాయలన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్దలా వస్తుంది, తొడిమ కనిపించదు, ముడత కనిపించదు, మంచి కాయల మధ్య తెల్లబారిన తాలు కాయ కూడా కనిపించదు. రైతు ఆదాయాన్ని సగానికి సగం మార్చేది ఆ తాలు కాయే. ఉదయం ఎనిమిదిలోపు గానీ, మబ్బు పట్టినప్పుడు గానీ, లేదా టార్పాలిన్ పట్టా నీడలో గానీ తీయండి. తెర మీద కాయల దగ్గర వేలు పెట్టి, వెలుతురును కాస్త కిందికి దించండి. ఫ్రేములో ఒక మూల తెల్ల తువ్వాలో సంచో ఉంటే రంగు దానంతట అదే అదుపులోకి వస్తుంది. ఫోను ఇచ్చే "వివిడ్" లాంటి ఫిల్టర్లు మిరప దగ్గరికి రానివ్వకండి. గుంటూరు యార్డులో రంగును బట్టే ధర కడతారు. ఆ రంగు మీద చెయ్యి వేశారని ఒక్క వ్యాపారికో తోటి రైతుకో అనిపించినా మీ పేజీ మీద వారికి నమ్మకం పోతుంది. తెగులు ఫొటో పెట్టి సలహా అడిగేటప్పుడు ఆకు పై భాగం, అడుగు భాగం రెండూ తీయండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని అనుమానిస్తాం కాబట్టి, ముడత ఎటు ఉందో తెలియని ఫొటో చూసి ఎవరూ మందు చెప్పలేరు, చెప్పినా మీరు కొట్టకూడదు.

కోణం గురించి నేను పుస్తకాల్లో చదివినదానికన్నా జహీరాబాద్ ప్రాంతపు మహిళలనుంచి తెలుసుకున్నదే ఎక్కువ. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత రైతు మహిళలు, బడి ముఖం చూడనివారు కూడా, వీడియో కెమెరా నేర్చుకుని తమ విత్తనాల గురించీ చిరుధాన్యాల గురించీ చిత్రాలు తీశారు. కెమెరా కోణాలకు వారు ఇంగ్లిషు పేర్లు పెట్టుకోలేదు. పైనుంచీ కిందనుంచీ తీసే కోణాలను పటేలు, జీతగాడు అన్న తేడాతో గుర్తుపెట్టుకుని, అందరూ ఒకే ఎత్తున కూర్చున్నట్టుగా కంటికి సమానంగా తీసేదాన్ని "సంఘం షాట్" అన్నారు. మీ ఫొటోల్లో కోతకు వంగిన మనుషులందరినీ మీరు నిలబడి తీశారు. ఒకసారి సాళ్ల మధ్య కూర్చుని తీసి చూడండి, అప్పుడు మొహం కనిపిస్తుంది, చేతి వేళ్లు కనిపిస్తాయి, ఘాటుకు ముక్కుకు కట్టుకున్న గుడ్డ కనిపిస్తుంది. డ్రోను కొంటున్నానని కూడా రాశారు. కొనుక్కోండి, చెరువు గండి పడినప్పుడూ వరద వచ్చినప్పుడూ అది తీసే ఫొటోకు విలువ ఉంటుంది. మామూలు రోజుల్లో మాత్రం అది చేనును తివాచీ చేసి, మనిషిని చీమను చేస్తుంది.

మనుషుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఘోరంగా తప్పు చేసింది ఇక్కడే. కొన్నేళ్ల కిందట పంట పోయిన ఒక కౌలు రైతును అతని చేలోనే నిలబెట్టి ఫొటో తీసి, పేరూ ఊరూ రాసి పెట్టాను. అతను ఒప్పుకున్నాడు, నవ్వుతూనే ఒప్పుకున్నాడు. ఫొటో బాగా తిరిగింది. వారం తిరక్కుండా భూమి యజమాని దాన్ని చూశాడు. తన పొలంలో ఫలానావాడు కౌలుదారని ఊరికీ నాడుకూ తెలిసేలా ఉండడం అతనికి ఇష్టం లేదు. రాతలో ఉంటే రేపు హక్కు అడుగుతారన్న భయం మన దగ్గర యజమానులకు ఎంత ఉందో మీకు చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డుకు కూడా యజమాని అంగీకారం కావాలి. మరుసటి ఏడాది ఆ చేను అతనికి దక్కలేదు. నేను అతన్ని అడిగాను నిజమే, కానీ ఆ ఫొటో ఎవరెవరు చూస్తారో అతనికి తెలియదు, నాకు తెలిసి ఉండాల్సింది. ఇప్పుడు కౌలు రైతు అయితే మొహం గానీ, చేను ఆనవాలు గానీ ఏదో ఒకటే చూపిస్తాను. చాలాసార్లు చేతులు మాత్రమే తీస్తాను.

ఫొటో ఉద్యమానికి పనికివచ్చి, అందులోని మనిషికి పనికిరాకపోవడం కొత్త కాదు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల శిబిరంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ తీసిన ఒక తల్లి ఫొటో ప్రపంచమంతా చూసింది. పత్రికలో వచ్చాక ప్రభుత్వం ఆ శిబిరానికి ఆహారం పంపింది, కానీ అప్పటికే ఆ కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటాక ఆమె ఎవరో లోకానికి తెలిసినప్పుడు, ఆ ఫొటోవల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమే చెప్పింది. లాంగ్ ఆమె పేరు కూడా అడగలేదు.

మీ చేలో కోతకు వచ్చేవారిలో కర్నూలు జిల్లా పడమటి మండలాలనుంచి వచ్చే వలస కుటుంబాలు ఉంటాయి. వాళ్ల ఫొటో తీసేముందు పేరు అడగండి, తీశాక ఫోనులో చూపించండి, వద్దంటే వాళ్ల ఎదుటే తుడిచేయండి. బడి మానేసి తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు ఫ్రేములో ఉంటే ఆ ఫొటో పెట్టవద్దు. "పసి చేతులు" అనే శీర్షిక ఎంత ఊరించినా సరే. ఇంకో సంగతి కూడా చూసుకోండి. మీ పేజీలో రైతు అంటే తలపాగా చుట్టిన మగవాడే. నాటేది, కలుపు తీసేది, కోసేది, కల్లంలో తాలు ఏరేది ఆడవాళ్లు. పాత్రికేయుడు పి. సాయినాథ్ దేశమంతా తిప్పిన "విజిబుల్ వర్క్, ఇన్‌విజిబుల్ విమెన్" ప్రదర్శన అంతా ఈ ఒక్క విషయం గురించే. ఆయన 2014లో మొదలుపెట్టిన పల్లె జీవితాల ఆన్‌లైన్ సంగ్రహం 'పరి' తెలుగులో కూడా వస్తుంది. అందులో ఫొటోల కింద రాసే వివరాలు ఒక వారం పాటు చదవండి, వ్యాఖ్య రాయడం మీద తరగతికి వెళ్లినంత పని జరుగుతుంది.

నిజం విషయంలో మాత్రం పిసరంత కూడా సడలించవద్దు. అదే 1936లో, లాంగ్ లాగే అమెరికా ప్రభుత్వ విభాగానికి ఫొటోలు తీస్తున్న ఆర్థర్ రోత్‌స్టీన్ దక్షిణ డకోటాలో పగుళ్లిచ్చిన నేల మీద ఒక పశువు పుర్రెను ఫొటో తీశాడు. వెలుతురు కోసమని దాన్ని కొద్ది అడుగులు పక్కకు జరిపి మళ్లీ తీశాడు. కరువు నిజం, పుర్రె నిజం, నేల నిజం. అయినా జరిపిన సంగతి బయటపడగానే ప్రభుత్వాన్ని వ్యతిరేకించే పత్రికలు కరువు ఫొటోలన్నీ బూటకమేనని దుమ్మెత్తిపోశాయి. మన దగ్గర ఇది వాట్సాప్‌లో ప్రతి తుపానుకూ జరుగుతోంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, అంతకుముందెప్పుడో నేను తీసిన తడిసిన ధాన్యం ఫొటోను ఎవరో "ఈరోజు ఉదయం" అని తిప్పారు. పాతదని ఒకరు పట్టుకున్నారు. ఆ రోజు మేము మోకాలి లోతు నీళ్లలో దిగి తీసిన అసలు ఫొటోల కింద కూడా సాయంత్రానికి "ఇదీ పాతదేనా" అన్న వ్యాఖ్యలు మొదలయ్యాయి. కృత్రిమ మేధ బొమ్మలు వచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. డిసెంబరు 23న రైతు దినోత్సవానికి నాకు వచ్చే బొమ్మల్లో బీడు నేల మీద ఏడ్చే ముసలాయన ఉంటాడు, ఆయన చేతికి ఒక్కోసారి ఆరు వేళ్లుంటాయి. దయచేసి వాటిని మీ పేజీలోకి రానివ్వవద్దు. మందు కొట్టేవారికి ఫొటో కోసం మాస్కు తొడిగించి, తీశాక విప్పించడం కూడా నా దృష్టిలో పుర్రె జరపడమే.

పంట నష్టం ఫొటో అయితే లోకం కోసం పెట్టేముందు లెక్క కోసం తీయండి. చేను మొత్తం ఒకటి, గుర్తు తెలిసే గట్టో స్తంభమో పడేలా ఒకటి, మొక్క దగ్గరగా ఒకటి. ఫోనులో స్థలం, సమయం నమోదయ్యేలా పెట్టుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోయి ఆ వివరాలు కూడా పోతాయి. అధికారులకు పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలవుతున్న చోట, వడగళ్లు, నీటి ముంపు లాంటి స్థానిక విపత్తుల నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి కాబట్టి, ఫేస్‌బుక్‌లో పెట్టడం కోసం ఆ గడువు పోగొట్టుకోవద్దు. బహిరంగంగా పెట్టే ఫొటోలో ఊరు, మండలం చాలు, సర్వే నంబరు అక్కరలేదు.

ఇక ఫొటో కింద మీరు రాసే వ్యాఖ్య. "అన్నదాత", "ఎర్ర బంగారం", "దేశానికి వెన్నెముక" అన్న మూడు మాటలు ఒక ఏడాది వాడనని ఒట్టు పెట్టుకోండి. పత్రికలో ఉన్నప్పుడు ఆ మాటలు నేనూ విచ్చలవిడిగా వాడినవాణ్ణే, వాటిని చదివి ఎవరూ ఏమీ తెలుసుకోలేదు. వాటి బదులు కొలతలు రాయండి. ఉదాహరణకు, నాలుగు కిలోల పండు కాయ ఎండితే సుమారుగా ఒక కిలో ఎండు మిరప అవుతుందని ఎంతమంది నగరవాసులకు తెలుసు? ఒక పళ్లెంలో నాలుగు కిలోల పండు కాయ, పక్క పళ్లెంలో అది ఎండాక మిగిలిన కాయ పెట్టి తీసి చూడండి. కల్లంలో పది పదిహేను రోజులు రాత్రి మంచుకు పట్టా కప్పడం, పొద్దున తీయడం, వాన మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తడం, ఇవన్నీ ఒక్కో ఫొటోకు సరిపోయే సంగతులే.

నన్నడిగితే మిరప రైతు పెట్టగలిగిన ఫొటోలన్నిటిలోకీ బలమైనది తక్‌పట్టీ ఫొటో, అంటే యార్డులో సరుకు అమ్మాక ఇచ్చే లెక్క చీటీ ఫొటో. ఎన్ని టిక్కీలు (బస్తాలు), ఎంత తూకం, క్వింటాలు ఎంతకు పోయింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చివరికి చేతికి వచ్చింది ఎంత, అన్నీ ఆ చిన్న కాగితం మీద ఉంటాయి. మీ నాన్నగారి పేరు, ఏజెంటు పేరు, దుకాణం నంబరు కనిపించకుండా వేలు అడ్డం పెట్టి తీయండి. నా పేజీలో తక్‌పట్టీ పెట్టిన రోజున ఎవరూ "బాగుంది అన్నా" అని రాయరు, అందరూ లెక్కలు అడుగుతారు. మనకు కావలసింది ఆ అడగడమే.

ఏ వేదికలో పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. అందం ఇన్‌స్టాగ్రామ్‌లో, వరస ఫొటోలూ లెక్కలూ ఫేస్‌బుక్‌లో, అధికారికి చేరవలసిన ఫిర్యాదు ఎక్స్‌లో, తెగులు ప్రశ్న రైతుల వాట్సాప్ గ్రూపులో అని నేను పంచుకున్నాను. మీరు వేరేగా పంచుకున్నా నష్టం లేదు.

చివరిగా, "అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది కదా" అన్న ఆయన. మీరు ఆయనకు కోపంగా జవాబిచ్చి, తరువాత ఆయన వ్యాఖ్యను తొలగించానని రాశారు. నేనైతే ఉంచేవాణ్ణి. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది, ఆ కొంతను ముందు ఒప్పుకోవాలి. నలభై ఐదు కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలకు దొరకడం రాయితీవల్లే. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు వస్తున్న మాటా నిజమే, కాకపోతే అది భూమి యజమానికి వస్తుంది, కౌలు రైతుకు రాదు. ఆ తరువాత మిగతాది చూపండి. మిరపకు కేంద్రం ఏటా ప్రకటించే కనీస మద్దతు ధర లేదు, ఆ జాబితాలో మిరప పేరే లేదు. 2025 ఫిబ్రవరిలో ధర దిగజారినప్పుడు మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేశారు, అదీ ఆ ఏటి అవసరానికి. రసాయన పురుగు మందు కొన్న ప్రతి బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కోత కూలికి రాయితీ లేదు.

ఈ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు నాన్నగారు దాచిన మందుల బిల్లులు, కూలీల లెక్క రాసుకున్న నోటు పుస్తకం, కిందటి ఏటి తక్‌పట్టీలు బయటికి తీయించండి. అన్నిటినీ మంచం మీద పరిచి, కిటికీ వెలుగులో ఒక ఫొటో తీసి, పైన రాసిన రాయితీల మాటతోనే మొదలుపెట్టి ఆయనకు జవాబు రాయండి. పుస్తకంలో కూలీల పేర్లు ఉంటే ఆ వరస మీద ఒక అట్ట పెట్టండి.